పాట పాడి కట్టిన బిల్లు

నా పేరు ఫిలొమేనా. వయసు డెబ్బై ఎనిమిది. ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్‌లో మా ఇంట్లో నేనూ, మా ఆయన పాస్కాలే, ఇద్దరమే. నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే పక్కింటామె రాస్తోంది. మా ఊరి క్లబ్బు మేనేజరు నన్ను అక్కణ్ణుంచి ఎందుకు వెళ్లగొట్టాడో క్లబ్బు కమిటీవారు వినాలి.

శుక్రవారం మధ్యాహ్నం క్లబ్బులో మా ఆయన పోకీ అనే జూదపు యంత్రంలో ఒక డాలరు ఒడ్డి మీట నొక్కాడు. అది దీపాలు వెలిగించి, గంటలు మోగించి, పాట పాడి, ముప్పై సెంట్లు ఇచ్చింది.

"గెలిచానే!" అని ఎగిరాడు.

"డెబ్బై సెంట్లు పోతే గెలుపేమిటయ్యా, నీ మొహం!"

మేనేజరు నవ్వాడు. "పాట వచ్చిందంటే గెలిచినట్టే అవ్వా. ఇక్కడి లెక్క అంతే."

సరే అనుకున్నాను. ఇద్దరం ఒకే పళ్లెంలో చికెన్ ష్నిట్జెల్ తిన్నాం. బిల్లు ఇరవై డాలర్లు. నేను ఆరు డాలర్లు బల్లమీద పెట్టి, చప్పట్లు చరుస్తూ ఇటలీలోని మా కలాబ్రియా పెళ్లిపాట ఎత్తుకున్నాను.

"మిగతా డబ్బులు?" అన్నాడు మేనేజరు.

"పాట వినలేదా నాయనా? నువ్వు గెలిచావు!"

ఈ జన్మలో మళ్లీ గడప తొక్కొద్దన్నాడు.

కమిటీవారికి నా మనవి: ఆ శిక్ష రద్దు చేయకండి. కాకపోతే పళ్లెంలో సగానికి పైగా మింగింది మా ఆయనే. మా ద్రాక్షతోటలో సగం ఆ యంత్రానికి మేపినవాడూ ఆయనే. నేను ఎంత బతిమాలినా దాని ముందునుంచి లేవలేదు. తప్పులో పాలున్నప్పుడు శిక్షలోనూ ఉండాలి. ఆయన్నీ నాతోపాటే, బతికినంతకాలం వెళ్లగొట్టండి.

ఇది ఫిలొమేనా తన చేత్తో పెట్టిన ఇంటూ గుర్తు: ×

చూసినవారు: పక్కింటి డాఫ్నీ, క్లబ్బు వంటవాడు వెర్నన్.