గేటు మూసే ముందు

"మీ వెనక ఎవరైనా ఉన్నారా?"

కొండ దిగి వస్తున్న దంపతులను ముసలాయన గేటు దగ్గర ఆపాడు.

"మా వెనక మా నీడలున్నాయి, చాలా?" అంది భార్య విసుగ్గా.

గేటు కాపలా చూసే ఆమెకు తల కొట్టేసినట్టయింది. అందరూ ఆమెను గేటక్క అంటారు. తమ్ముడితో కలిసి ఈ ఏడాదే ఇక్కడికి ఉద్యోగానికి వచ్చింది. ఈ ముసలాయన ఎవరో ఆమెకు తెలియదు. పొద్దున్నే బస్సు దిగుతాడు, బండమీద కూర్చుంటాడు, దిగివచ్చిన ప్రతివాళ్లనీ అదే ప్రశ్నతో జోరీగలా వేధిస్తాడు.

"తాతా, ఇంట్లో తోచకపోతే టీవీ చూసుకో. జనం ప్రాణాలు తియ్యకు," అంది.

"నువ్వడుగు తల్లీ. నువ్వడిగితే నేనెందుకొస్తాను?"

"ఇంకేం, నా ఉద్యోగం కూడా నువ్వే చేసెయ్!"

చెయ్యి పట్టుకుని మధ్యాహ్నం బస్సెక్కించింది. మళ్లీ వస్తే పై అధికారికి చెబుతానని బెదిరించింది కూడా.

హమ్మయ్య, పీడ విరగడైంది అనుకుంది.

ఒకప్పుడు కలప దొంగలూ వేటగాళ్లూ గుల్ల చేసిన కొండ అది. కాపాడాలని చట్టం వచ్చాక పైన రోడ్డు వెయ్యలేదు, దీపం పెట్టలేదు. ఫోను కూడా పలకదు. తీసుకెళ్లింది ఏదీ అక్కడ వదలకూడదు, చాక్లెట్ కాగితమైనా సరే.

ఆ నియమం విషయంలో గేటక్క తమ్ముడికి మరీ చాదస్తం. జనాన్ని పైకి తీసుకెళ్లే గైడు వాడు.

"ఆ కొండనే పెళ్లాడరా, కట్నంగా చెత్త ఇస్తుంది," అని అక్క ఆటపట్టించేది.

సాయంత్రం వాడి బృందం పాటలు పాడుకుంటూ దిగింది.

"బాగుందా?" అని అడిగింది గేటక్క.

"అద్భుతం!" అంటూ వాళ్లు వ్యానెక్కేశారు.

తమ్ముడు వాగు పక్క అడ్డదారిన ఇంటికి పోవడం మామూలే. గేటుకు తాళం వేసి తనూ బయల్దేరింది.

ఇంట్లో తమ్ముడు లేడు.

బృందం వాళ్ల నంబరుకు ఫోన్ చేసింది.

"గైడా? మేం నీళ్ల సీసా పైన మర్చిపోయామండీ. వద్దన్నా వినకుండా దానికోసం మళ్లీ ఎక్కాడు."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు అడగలేదు కదండీ."

పరుగున గేటు దగ్గరికొచ్చింది. అప్పటికే పొగమంచు కొండంతా కమ్మేసింది. చాచిన చెయ్యి తనకే కనబడలేదు.

"ఒరేయ్ తమ్ముడూ!"

గొంతు చించుకుని అరిచింది. బదులు లేదు. అధికారికి ఫోన్ చేసింది.

"ఈ మంచులో ఎవర్నీ పైకి పంపలేనమ్మా. మనవాళ్లే లోయలో పడతారు. తెల్లారేదాకా ఆగాల్సిందే."

"చలికి చచ్చిపోతాడు సార్! నేనే వెళ్తాను!"

"నువ్వూ పోతే ఎవర్ని వెతకమంటావు?"

గేటు ఊచలు పట్టుకుని ఆమె అక్కడే కూలబడిపోయింది. పోనీ, ఎదురుచూద్దామంటే తెల్లవారడం ఎంత దూరంలో ఉందో! ఏడుపు తప్ప చేయగలిగింది ఏమీ లేదు.

"అయినా ఆ పెద్దాయన అడగలేదా? రోజూ అడుగుతాడుగా!" అన్నాడు ఫోనులో అధికారి.

"ఆయన్ని... మధ్యాహ్నమే పంపేశాను సార్."

"నువ్వు కొత్త, నీకు తెలియదు," అన్నాడు అధికారి. "నీకంటే చాలా ఏళ్లముందు ఆ గేటుకు కాపలా ఆయనేనమ్మా. ఓ సాయంత్రం ఎవర్నీ అడక్కుండా తాళం వేసి ఇంటికెళ్లాడు. ఆ రోజు పైన ఉండిపోయింది ఆయన కూతురే."