ఈ ఏటి మొదటి గూడబాతు

“లేవండి! అది ఓరెస్ట్ కుర్చీ.”

నెట్టీ గొంతు విని కాఫీ హోటల్లో ఉన్న నలుగురు ముసలాళ్లూ కప్పులు దించారు.

కిటికీ పక్కన కూర్చున్న కొత్తాయన తడబడుతూ లేచాడు. “క్షమించండి. ఖాళీగా ఉంది కదా అని...”

“ఖాళీగా లేదు. మా ఆయన పోయి ఏడాదిన్నర అయింది. కుర్చీ మాత్రం ఆయనదే.”

కొత్తాయన మూల బల్లకి వెళ్లి కూర్చున్నాడు.

సాస్కటూన్‌లో ఎవరికీ తొందర ఉండదు. నది ఒడ్డునున్న నెట్టీ హోటల్లో పొద్దున పోసిన కాఫీ మధ్యాహ్నం దాకా సాగుతుంది. ఎవరి కుర్చీ వాళ్లది, ఎవరి కప్పు వాళ్లది. ఏప్రిల్లో మాత్రం పందెం. చలికాలం పోయాక వలస నుంచి తిరిగొచ్చి ఆనకట్ట దగ్గర దిగిన మొదటి తెల్ల గూడబాతును ఎవరు చూస్తే వాళ్లు గెలిచినట్టు. ఓడినవాళ్లు వారం రోజులు కప్పులు కడగాలి. ఓరెస్ట్ బతికున్నన్నాళ్లూ ఒక్క కప్పు కడిగిన పాపాన పోలేదు.

“ఆ పంచదార గిన్నెను కూడా గుడ్లప్పగించి చూస్తాడేమిటి?” గొణిగాడు ముసలాళ్లలో ఒకడైన లార్న్.

“టొరంటో మనిషట. అక్కడ పంచదార దొరకదేమో!” అందుకున్నాడు పక్కనున్న ముసలాయన.

అందరూ నవ్వారు. కొత్తాయన లేచి ఒడ్డుకు నడిచాడు.

అతను అటు వెళ్లగానే లార్న్ గొంతు తగ్గించాడు. “జవాబొచ్చిందా, నెట్టీ?”

“లేదు.”

ఓరెస్ట్ కళ్లు ఎవరికి పెట్టారో నేత్రనిధి వాళ్లు చెప్పరు. పేర్లు, ఊళ్లు లేకుండా ఉత్తరం రాస్తే చేరవేస్తారంతే. నది ఒడ్డు హోటలు, గూడబాతుల పందెం గురించి చెబుతూ నెట్టీ రాసి ఏడాదయింది.

“ఒక్క ముక్క చాలు లార్న్. ఆ కళ్లు బాగా చూస్తున్నాయని తెలిస్తే చాలు నాకు.”

తలుపు తెరుచుకుంది. కొత్తాయన మొహం వెలిగిపోతోంది.

“గూడబాతులు వచ్చాయి! రెండు!”

“అవి మంచుగడ్డలు బాబూ,” లార్న్ పగలబడి నవ్వాడు. “టొరంటో నుంచి వచ్చి మా గూడబాతులు మాకే చూపిస్తారా?”

“ఇంకా పది రోజులుంది వాటికి,” నెట్టీ తేల్చేసింది.

అతను ఓరెస్ట్ కుర్చీ వంక ఒకసారి చూశాడు. కాఫీ చివరి గుక్క తాగి, ఆమెకు తల వంచి, బస్సుకు వేళయిందంటూ వెళ్లిపోయాడు.

కాసేపటికి ఆనకట్ట దగ్గరి మంచుగడ్డలు రెండూ రెక్కలు విప్పాయి.

“చచ్చాం! కప్పులు మనమే కడగాలి!” లార్న్ లేచి నిలబడ్డాడు. “పిలు నెట్టీ, ఆయన్ని వెనక్కి పిలు!”

నెట్టీ రోడ్డు మీదికి పరిగెత్తింది. బస్సు అప్పటికే వంతెన దాటుతోంది.

మనిషిని ఉత్తపుణ్యానికి నొప్పించానే అనుకుంటూ వచ్చి మూల బల్ల తుడవబోయింది. సాసరు కింద మడిచిన కాగితం ఉంది.

మడతల దగ్గర చిరిగేదాకా చదివిన ఆ ఉత్తరంలోని చేతిరాత నెట్టీదే.