చూపుకు రాడ్లు

"రాడ్లే ఉండాలె. వైర్లు వేలాడితే అదేం సైకిలు?" అన్నాడు మొగులయ్య.

లాల్‌దర్వాజాలో బసవయ్య సైకిల్ షాపు. ముందు కొత్త సైకిల్ నిలబడి ఉంది. మొగులయ్య ఫ్యాక్టరీ నౌకరీ నుంచి దిగిపోయాక కొనుక్కున్నది. దానికి తన పెండ్లినాటి పాత సైకిల్ సోకులన్నీ చేయించాడు. నల్ల రంగు మీద బంగారు గీతలు, గుండ్రటి లైటు, రాడ్ బ్రేకులు.

"సోకుకే ఉన్నయి," అంది కృష్ణమ్మ, ఆయన భార్య. "ఉప్పుగూడ దిగుడుల ఆగదు. కింద రైలు గేటు."

"ఈమె నా నడుము పట్టుకొని అంగి గుంజుతది. గుండీలు చూడు, తెగినయి."

"గట్టిగ పట్టుకో అని మొత్తుకునేది నువ్వే కద."

బసవయ్య చక్రం తిప్పి బ్రేకు నొక్కాడు. అది తీరిగ్గా తిరిగి తిరిగి ఆగింది.

"మొగులన్నా, రాడ్లు చూపుకు ఉంచుత. పట్టేటందుకు చాటుకు వైరు బ్రేకు కడత. ఎవ్వలకు కానరాదు."

"కానరాకుంటే కట్టు."

పని అయ్యేదాకా కృష్ణమ్మ పక్కనే స్టూలు మీద కూర్చుంది. ఏ నట్టు తిప్పితే ఏమవుతుందో అడిగి తెలుసుకుంది. తన పాణం గదా అనుకున్నాడు బసవయ్య.

సైకిల్ బ్రేకు నొక్కినచోటే ఆగింది. మొగులయ్య మురిసిపోయాడు. కృష్ణమ్మ వెనక కూర్చుని క్యారియర్ ఇనుము పట్టుకుంది. ఇద్దరి నడుమ జానెడు ఎడం. నలుగురు చూసే బజారులో మొగని మీద చెయ్యేసే ఆడది కాదామె.

వాళ్లు పోయాక బసవయ్యకు చిన్న పానా కనపడలేదు.

తర్వాతి వారం గాలి కొట్టించుకోను వచ్చారు. మొగులయ్య అంగికి గుండీలన్నీ ఉన్నాయి.

"బ్రేకు ఎట్లుంది వదినా?"

"ఆగుతుంది," అంది కృష్ణమ్మ. క్యారియర్ ఇనుము కొంగుతో తుడిచింది.

మళ్లీ వచ్చినప్పుడు వైరు నట్టు వదులై ఉంది. బసవయ్య బిగించాడు. ఆ పై వారం మళ్లీ వదులు. నట్టు మీద పానా గీరిన గుర్తు తాజాగా ఉంది. మొగులయ్య అంగికి పై గుండీ లేదు.

"మొగులన్నా, నట్టు వదులు చేసుడేంది? నీ రాడ్లే మంచివని చెప్పుకునేటందుకా? గేటు కాడ లారీ కింద పడితే సోకు ఎవడు చూస్తడు?"

"నా ఇంట్ల పానానే లేదురా బాపూ. ఒట్టు."

"మరి దయ్యం తిప్పిందా?"

మొగులయ్య మూతి ముడుచుకుని చాయ్ తాగను ఇరానీ హోటలుకు పోయాడు.

కృష్ణమ్మ లేచింది. చేతిసంచిలో నుంచి చిన్న పానా తీసి బసవయ్య పనిముట్ల డబ్బాలో పెట్టింది.

బసవయ్య పానాను చూశాడు. ఆమెను చూశాడు.

"లొల్లి పెట్టి బ్రేకు కట్టిచ్చింది నువ్వే కద వదినా."

కృష్ణమ్మ హోటలు దిక్కు చూసింది.

"అది మంచిగ ఆగితే ఆయన్ని పట్టుకునే సాకు ఏది?"