చాలంటే చాలని కాదు

కాకినాడలోని ఆ బాలింతల ఉచిత ఆశ్రమంలో ఇప్పుడు రోబోలే వడ్డిస్తాయి. దాతలు డబ్బు పంపుతారు గానీ, మనుషులు రావడం ఎప్పుడో మానేశారు. గంగాభవాని మొహమాటం కొద్దీ ఒక్క గరిటెకే "చాలు" అంటుంది, రోబో ఆగిపోతుంది. తిండి చాలక పాలు పడటం లేదు, బిడ్డేమో గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

విసిగిపోయిన నర్సు ఇందుమతి ఒక దాతకు ఫోన్ చేసింది.

"ఇంకో రోబో కొనిపెట్టమంటారా?"

"వద్దండీ. ఒక్క పూట మీరొచ్చి వడ్డించండి."

"డబ్బయితే ఇప్పుడే వేస్తా. టైమెక్కడిదండీ?"

ఇందుమతి కాళ్లు పీకుతున్నా లేచి, రోబో చేతిలో గరిటె లాక్కుంది.

"చాలక్కా," అంది గంగాభవాని.

"ఏం చాలే? నువ్వు తింటేనేగా వాడికి పాలు," అంటూ ఇంకో గరిటె వేసింది.

మూడో గరిటెకు భవాని కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది, వేళ్లు మాత్రం ఎడంగా ఉంచి.