టోకెన్ తీసుకోని సంచి

“మరీ బిగించి కట్టకండి, ఊపిరాడదు,” అంది భార్య.

కొట్టాయన గుడ్డసంచి మూతికి పురికొస రెండు చుట్లు తిప్పి, లాగితే ఊడిపోయే ముడి వేశాడు. సంచి ఒకసారి కదిలి, మళ్ళీ సద్దుమణిగింది.

“నాకు మనసొప్పడం లేదండీ.”

“నాకు మాత్రం సరదానా? రేపు పొద్దున్నే కొట్టు తాళాలిచ్చేసి అద్దె గదికి పోవాలి. ఆ ఇంటావిడ మనిద్దర్నీ ఒప్పుకోవడమే గొప్ప. ఏం చేసినా ఇవాళే చెయ్యాలి.”

ఆమె కళ్ళు తుడుచుకుని, కాగితంలో చుట్టిన చిన్న రేకుపళ్ళెం ఆయన జేబులో కుక్కింది. “ఇది కూడా అక్కడే పెట్టండి. ఇదుంటే అక్కణ్ణించి కదలదు. కడుపు నింపే పంపుతున్నా, కాసేపు అల్లరి ఉండదు.”

రోడ్డుకి అటువైపు కొత్త కిరాణా షాపు తెరిచి నెల కాలేదు. అద్దాల తలుపులు, చల్లగాలి, ఎవరికి కావలసింది వాళ్ళే తీసుకునే అరలు. ఊరు ఊరంతా అటే ఎగబడింది. ఇరవై రెండేళ్ళు తల ఎత్తడానికి తీరిక లేకుండా పొట్లాలు కట్టిన కొట్టాయన ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. చచ్చినా ఆ గడప తొక్కనని నలుగురిలో ఒట్టు కూడా పెట్టుకున్నాడు. పక్క సెలూన్ అతను గడ్డం గీస్తూ తన పద్ధతిలో ఓదార్చాడు.

“అంత బెంగెందుకు బాబాయ్? ఆ షాపులో రెండు ఎలుకల్ని వదిలితే సరి! వారం తిరక్కుండా జనం మళ్ళీ నీ కొట్టుకే వస్తారు.”

సెలూన్లో అందరూ పగలబడి నవ్వారు. కొట్టాయన నవ్వలేదు, ఆలోచనలో పడ్డాడు. ఆ ఆలోచనే ఇవాళ ఆయన చేత రోడ్డు దాటించింది.

పట్టుబడితే ఇన్నేళ్ళ పేరూ ఒక్క పూటలో మట్టిలో కలిసిపోతుంది. ఎవరి కంటా పడకుండా ఈ సంచి ఖాళీ చేసి బయటపడితే చాలనుకున్నాడు.

తలుపు దగ్గర కాపలా అతను చెయ్యి అడ్డం పెట్టాడు. “పెద్దాయనా, సంచి ఇక్కడ పెట్టి టోకెన్ తీసుకోవాలి.”

“ఇందులో మా ఆవిడ మందులున్నాయి నాయనా. పోతే మళ్ళీ దొరకవు.”

తూకంలో గ్రాము తేడా రానివ్వని మనిషికి ఇంత అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో! తనే హడలిపోయాడు. కాపలా అతను సంచి వంక చూశాడు. సంచి కదల్లేదు.

“సరే, త్వరగా వచ్చెయ్యండి.”

నూనె డబ్బాల మలుపులో టైలరు భార్య ఎదురుపడింది. ఆయన్ని చూసి ఆవిడే ఎక్కువ ఉలిక్కిపడింది.

“అన్నయ్యగారూ! నేను... ఊరికే చూసిపోదామని వచ్చానండీ.” చేతిలో బుట్ట అంచుదాకా నిండి ఉంది.

“నేనూ అంతేనమ్మా. బియ్యం ఏ మూలన పెట్టారు?”

ఆవిడ చూపించబోతూ ఆగింది. సంచి లోపల గోళ్ళు గీరిన చప్పుడైంది. “అదేంటండీ?”

“నా చెప్పేనమ్మా. అరిగి చచ్చింది,” అంటూ కాలు నేలకేసి రాస్తూ ముందుకు సాగాడు. ఆవిడ అక్కడే నిలబడి తన వైపే చూస్తోందని తెలుస్తూనే ఉంది.

షాపు చివర, వెలుతురు తక్కువగా ఉన్న మూలన బియ్యం బస్తాలు గోడవారగా పేర్చి ఉన్నాయి. కొట్టాయన వంగి చూశాడు. అడుగు బస్తాకి బొటనవేలంత చిల్లు. నేల మీద గుప్పెడు గింజలు. వేలితో తడిమి, తల ఊపాడు. ఇంతకన్నా సరైన చోటు దొరకదు. ఇక్కడ వదిలితే చాలు, మిగతా పని అదే చూసుకుంటుంది.

అటూ ఇటూ చూసి రేకుపళ్ళెం బస్తాల సందులో పెట్టాడు. పురికొస చివర వెతికి పట్టుకున్నాడు.

“ఏం చేస్తున్నారక్కడ?”

మేనేజరమ్మ! ఆమె వెనక కాపలా అతను, ఆ వెనక టైలరు భార్య, ఇంకో నలుగురు. అందరూ ఆయన దగ్గర సరుకులు కొన్నవాళ్ళే.

“మీరు ఎదురు కొట్టాయన కదూ? లోపలికొచ్చినప్పట్నుంచీ కెమెరాలో చూస్తూనే ఉన్నాను. సెలూన్లో నవ్వుకున్న మాట నా చెవిన కూడా పడింది లెండి. ఆ సంచిలో కదులుతున్నవేంటి? ఎలుకలేనా?”

టైలరు భార్య నోరు నొక్కుకుంది. “అన్నయ్యగారూ! మీరా ఇంత పనికి ఒడిగట్టింది?”

ఏది జరగకూడదని కొట్టాయన ఇన్నేళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుని బతికాడో, సరిగ్గా అదే జరుగుతోంది. సిగ్గుతో చెవులు భగ్గుమన్నాయి.

“మర్యాదగా ఆ సంచి పట్టుకుని బయటికి నడవండి. లేకపోతే పోలీసుల్ని పిలుస్తాను.”

“తీసుకెళ్ళడానికి నాకు చోటు లేదమ్మా,” అన్నాడు కొట్టాయన. “అడిగితే కుదరదంటారని భయపడి, చెప్పకుండా వచ్చాను. తప్పే.”

“ఏంటి అడిగేది? ఎలుకలు వదలనివ్వమనా?”

ఆయన చిల్లు పడిన బస్తా వైపు వేలు చూపించాడు. “గత పదేళ్ళలో నా కొట్టులో ఇలాంటి చిల్లు ఒక్కటీ పడలేదు. ఎందుకో మీరే చూడండి.”

కాపలా అతను చెయ్యి పట్టుకునే లోపే ముడి లాగేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కెవ్వుమంటూ నాలుగడుగులు వెనక్కి గెంతారు.

సంచిలోంచి ముసలి పిల్లి ఒళ్ళు విరుచుకుంటూ వచ్చి, చిల్లు ముందు కాపలా కూర్చుంది.