బుద్ధిమంతురాలి మాత్రలు

"నువ్వు అటు తిరుగమ్మా. చూస్తూ ఉంటే నాకు గొంతు దిగదు," అంది పెద్దది.

తల్లి కుట్టుమిషను వైపు తిరిగి కూర్చుంది. మాత్ర నలిపి తేనెలో కలిపిన గిన్నె పట్టుకుని పిల్ల పక్కగదిలోకి వెళ్ళింది. బుడ్డోడు తోకలా అక్క వెంటపడ్డాడు. కాసేపటికి గిన్నె తిరిగొచ్చింది. అడుగున చుక్క లేదు.

"మా బంగారమే," అంది తల్లి.

బంగారం ఊరికే కాలేదు మరి. లుకేమియా అని తేలిన రోజు నుంచీ ఆ ఇంట్లో అందరికీ తిండీ నిద్రా కరువే. ఆసుపత్రి మందులకు పిల్ల జుట్టు రాలిపోయింది, జబ్బు లొంగింది. "లొంగిందంటే పోయిందని కాదు, మాత్రలు మానారో మళ్ళీ మొదటికొస్తుంది," అన్నారు డాక్టరుగారు. ఆ మాత్ర చేదు పగవాడికి కూడా వద్దు. ఒకరు కాళ్ళు, ఒకరు చేతులు పట్టుకుంటే తప్ప చెంచా నోట్లోకి పోయేది కాదు. పోయిందంతా కక్కుకునేది.

అలాంటి పిల్లకు ఉన్నట్టుండి బుద్ధొచ్చింది. అదీ అత్తగారు నోరు జారిన మర్నాటి నుంచి.

"ఇద్దరూ ఒకే కడుపున పుట్టారు. బుడ్డోడికి కూడా రాదు కదే?" అని పిల్లల ముందే అడిగేసిందావిడ.

"ఇదేమన్నా అంటుకునే జబ్బా అత్తయ్యా? మాత్ర పడుతున్నన్నాళ్ళూ జబ్బు దగ్గరికే రాదు," అని కసిరింది కోడలు.

అత్తగారికి చెప్పిన మాట కూతురి చెవికెక్కిందని తల్లి మురిసిపోయింది. అప్పట్నుంచీ ఏ గొడవా లేదు, గిన్నె తనే అడిగి తీసుకుంటోంది. జుట్టు ఒత్తుగా వచ్చింది. ఒళ్ళు చేసి గౌనులు బిగుతైతే, తల్లి కుట్లు విప్పి సంబరంగా వదులు చేసింది.

బుడ్డోడి లాగులు మాత్రం నడుం దగ్గర జారిపోతున్నాయి. పెట్టింది పెట్టినట్టు కక్కేస్తున్నాడు.

"పళ్ళొస్తున్నాయిలే," అంది అత్తగారు.

"దీని గండం గట్టెక్కనీండి, వాడి సంగతి తర్వాత చూద్దాం," అంటూ కోడలు వాడి లాగులు బిగించి కుట్టింది. ఇద్దరు బిడ్డల మీద సమానంగా బెంగపడే ఓపిక ఆమెకు ఎప్పుడో అయిపోయింది.

ఆసుపత్రిలో పెద్దదాని రక్తపరీక్ష చూసి డాక్టరుగారు మొహం చిట్లించారు.

"ఈ మందు మీద ఉన్న పిల్లకి తెల్లకణాలు ఇన్ని ఉండకూడదే. మాత్రలు సరిగ్గా వేస్తున్నారా?"

"ఒక్కపూట తప్పితే ఒట్టు సార్. తనే అడిగి మరీ తీసుకుంటుంది."

"అయితే ఈ మోతాదు చాలట్లేదు. పెంచుదాం."

"పెంచితే ఇంకా గట్టిగా పనిచేస్తుందా?" అని అడిగింది పిల్ల.

"బ్రహ్మాండంగా పనిచేస్తుంది."

పిల్ల మొహం వెలిగిపోయింది. ఇలాంటి పేషెంటును తానెప్పుడూ చూడలేదని డాక్టరుగారు దాని బుగ్గ గిల్లారు.

కొన్ని వారాలకు బుడ్డోడికి జ్వరం కాసింది. ఒళ్ళు తుడుద్దామని తల్లి చొక్కా విప్పింది. వీపు మీద నల్లటి మచ్చలు, నోటి నిండా పుళ్ళు. ఆ మచ్చలు ఆమెకు కొత్తవి కావు. వాణ్ణి భుజాన వేసుకుని అదే ఆసుపత్రికి, అదే డాక్టరు దగ్గరికి పరిగెత్తింది.

వాడి రక్తపరీక్ష కాగితం డాక్టరుగారు రెండుసార్లు చదివారు.

"కణాలన్నీ పడిపోయాయమ్మా. ఎందుకో అర్థం కావట్లేదు. పరిస్థితి బాగాలేదు."

"నా పాడు నోరే," అని అత్తగారు నోరు కొట్టుకుంది. తల్లి వరండాలో కూలబడి ఏడ్చింది. ఒకదాన్ని దక్కించుకున్నానని మురిసేలోపే రెండోవాడు చేజారిపోతున్నాడు. వీడికి కూడా అదే జబ్బా?

పెద్దది వచ్చి తల్లి మెడ చుట్టూ చేతులు వేసి కళ్ళు తుడిచింది.

"ఏడవకమ్మా. తమ్ముడికి ఆ జబ్బు రానే రాదు."

"నీకెలా తెలుసే, నా తల్లీ?"

"నా మాత్రలన్నీ వాడికే పెడుతున్నాగా."