గురువారం మైళ్లు

"ఇందులో నా పేరేదీ?" అన్నాడు ఇద్వల్, కళ్లజోడు నుదుటి మీదికి తోసి.

ముక్కాలిపీట మీద కూర్చున్న నెస్టా తలెత్తలేదు. బల్ల కింద చాచి ఉన్న ఆయన కుడికాలి కట్టు విప్పుతూ, "ముందు ఉన్నవి కూడండి, తర్వాత చూద్దాం," అంది.

ఈ మైళ్ల లెక్క నెత్తికెత్తుకున్నది ఇద్వలే. ప్రభుత్వ ఆరోగ్యశాఖ తరఫున ఇళ్లకు తిరిగి కట్లు కట్టే కంపెనీలో నెస్టా నర్సు. వేల్స్ కొండల్లో ఏ ఇంటికి పోవాలన్నా సొంత కారే దిక్కు. కంపెనీ మైలుకి ఇరవై ఐదు పెన్నీలిస్తుంది. ప్రభుత్వం లెక్కలో నలభై ఐదు. ఆ తేడా మీద పన్ను రాయితీ అడగొచ్చని ఆవిడకి తెలియనే తెలియదట.

"అడగనిదే అమ్మైనా పెట్టదు నర్సమ్మా! పోయిన ఏడాది తిరిగినవన్నీ చెప్పండి, నేను రాస్తాను," అన్నాడు ఇద్వల్. "కానీ ఒక్క సంగతి. ఉద్యోగం మీద తిరిగిన మైళ్లే రాయాలి. సంతకి పోయినవీ, సొంత పనికి పోయినవీ కలిపారో, పన్నువాళ్లు తోలు తీస్తారు."

తన గొర్రెల లెక్కలు ఏటా తనే రాసి పంపే మనిషి కనక ఆ మాత్రం పెద్దరికం ఆయనకుంది. ఆవిడ డైరీ చూసి చెబుతూ పోయింది, ఆయన రాస్తూ పోయాడు. ప్రోబర్ట్ ముసలావిడ, మిల్లు పక్క లెవెలిన్ మాస్టారు, చర్చి వెనక అక్కచెల్లెళ్లు, అందరూ లెక్కలోకి వచ్చారు. కొండ మీది పెన్‌రియు పొలం రాలేదు. అంటే తను రాలేదు.

"చచ్చిపోయిన బెవన్ కూడా ఉన్నాడు. బతికున్న నేను లేను!"

"బెవన్ అప్పటికి బతికే ఉన్నాడు కదండీ."

"అందరికంటే దూరం నాది. ఈ ఎత్తు ఎక్కలేక మీ కారు ఆయాసపడుతుంటే ఇక్కడికి వినిపిస్తుంది. పైగా మూడు గేట్లు! వానలో దిగి తియ్యాలి, మళ్లీ దిగి వెయ్యాలి. ఆ మైళ్లకి విలువ లేదా?"

"ఉంది," అంది నెస్టా. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. "అందులో రాయడానికి వీల్లేదు, అంతే."

ఇద్వల్ పెన్ను కింద పెట్టేశాడు. వీల్లేకపోవడమేమిటి? తనని ఇంకో నర్సుకి అప్పగించేశారా? లేక గుట్టు బయటపడిందా?

గుట్టంటే మరేం లేదు. ముళ్లకంచె గీరిన ఆ కాలు ఎప్పుడో మానిపోయింది. మానిందంటే నర్సమ్మ రాదు. నర్సమ్మ రాకపోతే, పెళ్లాం పోయిన ఆ ఇంట్లో వారమంతా మోట్‌తోనే మాట్లాడుకోవాలి. మోట్ మంచి కుక్కే గాని, గొర్రెల సంగతి తప్ప దానికి ఇంకేం పట్టదు. అందుకని ప్రతి గురువారం పొద్దున్నే ఊరబెట్టిన బీట్‌రూట్ సీసాలోంచి కాస్త రసం తీసి పాత మచ్చ మీద పూసి, పైన కట్టు చుట్టుకునేవాడు. కింది గేటు చప్పుడు వినగానే తలుపు వెనక చేతికర్ర అందుకునేవాడు. నర్సుని బురిడీ కొట్టించడం ఇంత తేలికా అని తనకే ఆశ్చర్యంగా ఉండేది, పాపం.

"ఇంకా ఎర్రగానే ఉంది," అంది నెస్టా కాలు అటూ ఇటూ తిప్పి. "మహా మొండి పుండు!"

"అదే మరి! ఇంత పుండున్న వాణ్ణి లెక్కలోంచి ఎలా తీసేస్తారు? నాకు వేరే నర్సు వద్దు. ఎవతెనైనా పంపితే గేటు దగ్గరే మోట్‌ని ఉసిగొల్పుతాను."

"మోట్ కరవదుగా."

"నేర్పిస్తాను! ఉండండి, ఇప్పుడే మీ కంపెనీకి ఫోన్ చేసి కడిగేస్తాను."

"వద్దు! ఇద్వల్ గారూ, ఫోన్ చెయ్యొద్దు!"

ఆవిడ అంత గట్టిగా అరవడం ఆయనెప్పుడూ వినలేదు. దాంతో అనుమానం కాస్తా నమ్మకమైపోయింది. కుర్చీలోంచి దిగ్గున లేచి, పడుకున్న మోట్ మీదుగా ఒక్క అంగ వేసి, చకచకా గోడ దగ్గరికి నడిచి ఫోనందుకున్నాడు.

అందుకున్నాక వెనక్కి చూశాడు. చేతికర్ర కుర్చీకి ఆనించినది ఆనించినట్టే ఉంది. నెస్టా కర్ర వైపొకసారి, ఆయన వైపొకసారి చూసింది.

ఇద్వల్ మెల్లగా ఫోన్ పెట్టేసి, "అబ్బా, అమ్మా" అని మూలుగుతూ, కుంటుకుంటూ తిరుగుముఖం పట్టాడు.

"కుంటాల్సింది కుడికాలు," అంది నెస్టా.

ఇక దాచడానికేముంది? కుర్చీలో కూలబడ్డాడు. బీట్‌రూట్ అవసరం లేకుండానే ముఖం ఎర్రబడింది.

"మానిపోయింది నర్సమ్మా. ఎప్పుడో మానింది. చెబితే మీరు రారని భయం. ఈ ఒక్క గురువారం కోసమే మిగతా వారమంతా ఈడుస్తున్నాను. అడగనిదే అమ్మైనా పెట్టదని ఊరందరికీ చెబుతాను గాని, నా మటుకు నాకు నోరు పెగల్లేదు. మీ కంపెనీకి ఏం చెప్పుకుంటారో చెప్పుకోండి."

నెస్టా కట్టుగుడ్డ చుట్టి సంచీలో పెట్టేసింది. డైరీ కూడా పెట్టేసింది. ఇక అయిపోయింది, వెళ్లిపోతోందనుకుని ఆయన తల దించుకున్నాడు.

ఆవిడ మాత్రం తలుపు వైపు వెళ్లలేదు. టీకి నీళ్లు పొయ్యి మీద పెట్టి ఇటు తిరిగింది.

"మీ కాలు మానిందని రాసిచ్చి, మీ పేరు కొట్టేయించింది నేనే. రెండేళ్లవుతోంది. గురువారం నాకు సెలవు," అంది. "సొంత పనికి తిరిగిన మైళ్లు రాయకూడదని ఇందాక మీరేగా చెప్పారు!"